అంచులు కోయని పుస్తకం

ఏదో ఒక బడి లైబ్రరీలోంచి ఫలానా పుస్తకం తీసేయించారని వార్త వచ్చిన రోజున మా ఇంట్లో పేపరు నా చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ పూట కూర మాడుతుందని వాళ్ళ భయం. అది ఉత్త భయమేం కాదు, రెండుసార్లు మాడింది.

నా కోపం వేరు. ఆ వార్తలో రాసినాయన గురించి ఉంటుంది, తీసేయమన్నవాళ్ళ గురించి ఉంటుంది. ఇది అన్యాయమని ఒకరు, ఉంచితే పిల్లలు చెడిపోతారని ఒకరు వాదించుకుంటారు. ఆ పుస్తకం బీరువాలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఏ పిల్ల తీసుకెళ్ళింది, తీసుకెళ్ళినందుకు ఆ పిల్లను ఏం చేశారు అన్నది మాత్రం నాకు ఏ వార్తలోనూ కనబడలేదు. అలాంటి పిల్ల ఒకతి నాకు తెలుసు. రిజిస్టర్లో ఆ పిల్ల పేరు రాసింది నేనే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పడితే పడనీ అనుకుని రాస్తున్నాను.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. అరవైల చివర్లో టీచరు ట్రైనింగు అవగానే నాకు అరకు లోయలో ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు ఆర్డరు వచ్చింది. ఉద్యోగం వచ్చిందని మా నాన్న వీధి వీధంతా బెల్లం పంచాడు. ఎక్కడికో తెలిశాక మా అమ్మ మంచమెక్కింది. ఆ రోజుల్లో మా వైపు అరకు పేరెత్తితే చలిజ్వరం గుర్తొచ్చేది. వలిసె పూల మధ్య నిలబడి ఫోటోలు దిగడం అప్పటికి ఎవరికీ తెలియదు.

“ఒక్కర్తివీ ఆ కొండల్ల ఎలాగుంటావే?” అని అమ్మ ఏడిస్తే, “అక్కడున్నోల్లు మనుసులు కారేటే?” అని నాన్న కసిరాడు. ట్రంకు పెట్టె, జ్వరం మాత్రల సీసా పట్టుకుని బస్సెక్కాను. ఘాటురోడ్డు మలుపుల్లో రెండుసార్లు వాంతి చేసుకుని, పొద్దు వాలేసరికి అరకులో దిగాను.

బడి అంటే రెండు పెంకుటిళ్ళు. ఒకదాంట్లో పాఠాలు, ఒకదాంట్లో హాస్టలు. చలికాలం పిల్లలు వంటింటి పొయ్యి చుట్టూ ఒకరి మీదొకరు ఒరిగి కూర్చునేవారు. వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునేది తెలుగు కాదు. తెలుగు మేమే నేర్పేవాళ్ళం, చాలావరకు కొట్టి నేర్పేవాళ్ళం. పెద్ద మేష్టారిది శ్రీకాకుళం వైపు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, మంచివాడు. గదిలోకి పాము దూరితే కర్రతో తీసి అవతల పారేసి వచ్చి పాఠం కొనసాగించేవాడు గానీ, పై ఆఫీసు నుంచి కవరొస్తే ఇంకొకరి చేత విప్పించేవాడు.

లైబ్రరీ ఆయన గదిలోనే ఉండేది. లైబ్రరీ అంటే అద్దాల తలుపులున్న ఒక చెక్క బీరువా. ఏడాదికోసారి పైనుంచి పుస్తకాల మూట వచ్చేది. ఎవరు ఎంచారో, మా పిల్లలకి అవే ఎందుకో ఎవరికీ తెలియదు. కోళ్ళ పెంపకం మీద ఒకటే పుస్తకం మూడు ప్రతులు ఉండేవి. పిల్లల కథలు కొన్ని, పెద్దవాళ్ళ నవలలు కొన్ని ఉండేవి. కొత్త కోడలికి పొయ్యి అప్పజెప్పినట్టు, నేను చేరిన వారంలోనే ఆ బీరువా తాళం నాకు అప్పజెప్పారు. లైబ్రరీ ఇన్‌ఛార్జినని ఇంటికి గొప్పగా ఉత్తరం రాశాను.

ఆ ఉద్యోగం ఎలా చెయ్యాలో తర్వాత తెలిసింది. పుస్తకం పిల్లల చేతికిస్తే చిరుగుతుంది. చిరిగితే ఇన్‌ఛార్జి జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఇవ్వకూడదు. కానీ ఇన్‌స్పెక్షనుకు వచ్చినాయన ఇష్యూ రిజిస్టరు ఖాళీగా చూస్తే, పిల్లల చేత చదివించడం లేదని రాసి పోతాడు. కాబట్టి ఇచ్చినట్టు ఉండాలి. ఈ చిక్కుకి నాలాంటి వాళ్ళందరూ ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టి ఉంచారు. ఇన్‌స్పెక్షనుకు వారం ముందు కూర్చుని, ఏడాది మొత్తానికీ రిజిస్టరు నింపెయ్యడమే.

“రెండు కలాలెట్టుకోండమ్మా,” అని పెద్ద మేష్టారు నేర్పాడు. “ఓ పాలి నీలం, ఓ పాలి నలుపు. ఆదివారం తారీకులెయ్యకండి, దొరికిపోతాం.”

నేను ఇంకో ఆకు ఎక్కువే చదివాను. అందరూ గడువులోపు పుస్తకం తెచ్చిచ్చేస్తే అనుమానం వస్తుందని, అక్కడక్కడా రెండు రోజులు ఆలస్యంగా తెచ్చినట్టు రాసేదాన్ని. ఒకచోట “వానలో తడిసినది, ఎండబెట్టితిని” అని కూడా రాశాను. చేసేది తప్పుడు పనైనా శ్రద్ధగా చెయ్యాలని మా ట్రైనింగులో చెప్పినట్టు చేసేదాన్ని.

ఎవరి పేర రాయాలన్నది అసలు చిక్కు. వచ్చినాయన పిల్లను పిలిచి అడిగితే? మా పిల్లల్లో చాలామందికి కొత్త మనిషిని చూస్తే నోరు పడిపోయేది. ఒక్క పిల్లకి మాత్రం పడిపోయేది కాదు.

ఆ పిల్ల అప్పుడు ఆరో తరగతి. వాళ్ళ ఊరు బడికి ఒక పూట నడక. సన్నంగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక చెవి వెనక చీపురుపుల్ల పెట్టుకుని ఉండేది. పొద్దున్నే పెద్ద మేష్టారి గది ఊడ్చే వంతు ఎవరిదైనా సరే, బతిమాలి తను తీసుకునేది. ఊడ్చేది పావుగంట, బీరువా అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది అరగంట. లోపలి పుస్తకాల వీపుల మీదున్న పేర్లన్నీ బయటి నుంచే పైకి చదివేసేది. ఒక అర మొత్తం చూడకుండా వరసగా అప్పజెప్పగలదు.

నాకు బుద్ధి పుట్టినప్పుడు కింద అరలోంచి పిల్లల కథల పుస్తకం ఒకటి తీసిచ్చేదాన్ని. నా కళ్ళ ముందే నేల మీద కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టుకుని చదివేది. తెలియని మాట వస్తే, “ఇది ఏటండి?” అని తల పైకెత్తేది. గంట కొట్టేలోపు లాక్కుని మళ్ళీ తాళం వేసేదాన్ని.

ఒకరోజు, “పెద్దయితే ఏటవుతావే గుంటా?” అని అడిగాను.

“టీచరమ్మనవుతానండి. నా కాడా తాళం ఉంటాది. ఉంటాది గానండి, ఎయ్యను,” అంది. నాకు ఒళ్ళు మండి నెత్తి మీద ఒకటి మొట్టాను.

ఆ పిల్ల ఆశ అంతా ఏడో తరగతి పరీక్ష మీద ఉండేది. వాళ్ళ నాన్న మాట అది. ఏడు పాసైతే పై చదువుకి పంపిస్తాడు. బడి మానేసి ఇంటికొస్తే అప్పటికే అడిగి ఉంచిన అవతలి కొండ ఊరివాడికి ఇచ్చేస్తాడు. వాళ్ళ అక్కను అలాగే ఇచ్చాడు. ఆ అక్క ఒకసారి సంత నుంచి చెల్లెల్ని చూడ్డానికి హాస్టలుకొచ్చింది. చంకలో ఒకరు, కడుపులో ఒకరు. ఆమె వెళ్ళాక మా పిల్ల లెక్కల పుస్తకం తీసుకుని ఒక మూల కూర్చుంది, అన్నానికి కూడా లేవలేదు.

రిజిస్టర్లో మిగతా పిల్లల పేర ఒకటీ అరా రాసి, ఎవరూ ముట్టని లావుపాటి పుస్తకాలన్నీ ఈ పిల్ల పేర రాశాను. వాటిలో నీలం అట్ట నవల ఒకటి. అట్ట మీద నెత్తిన మోపుతో కొండ దిగుతున్న ఆడమనిషి బొమ్మ ఉండేది. దాన్ని ఆ ఏడు నాలుగుసార్లు తీసుకెళ్ళినట్టు రాశాను. ఎందుకు నాలుగు అంటే, దాని ఎదురుగా ఏళ్ళ తరబడి గడులన్నీ ఖాళీగా ఉన్నాయి, నింపడానికి చోటు దొరికింది.

తర్వాత ఆ పిల్లను పిలిచి చెప్పాను. “ఆయనొచ్చి ఏ పుస్తకం సూపెట్టినా సదివినానండి అను. ఎన్నిసార్లంటే శానా సార్లను. దాన్ల ఏటుందని అడిగితే మీ అవ్వ సెప్పిన పులి కత ఉంది గదా, అది సెప్పేయ్. ఆయన మాత్రం సదివుంటాడేటి?”

“సదవనిది సదివినానంటే అబద్దం కాదాండి?”

“అది అబద్ధం కాదే. ఇన్‌స్పెక్షను,” అన్నాను.

ఆ ఏడు వచ్చినాయన పెద్దవాడు, సరదా మనిషి. ఒక పుస్తకం పైకి తీసి ఇది ఎవరు చదివారని అడిగాడు. మా పిల్ల లేచి నిలబడి, “నాను సదివినానండి. శానా సార్లండి,” అని, అడగకముందే పులి కథ మొదలుపెట్టింది. కొండ మీది ఊరికి సంత సంతకీ ఒక పులి వచ్చి మేకనిమ్మంటుంది. ఇస్తారు. కొన్నాళ్ళకి దూడనిమ్మంటుంది. ఇస్తారు. ఆ తర్వాత మనిషినిమ్మంటుంది. అప్పుడు ఊళ్ళో ముసిలమ్మ ఒకతి లేచి, మేకనాడే తరిముంటే ఇంత దాకా వచ్చేదా అని అందరినీ తిడుతుంది. ఊరంతా కలిసి డప్పులతో కాగడాలతో దాన్ని గెడ్డ నీళ్ళు దాటించి తరిమేస్తారు. పిల్ల ముసిలమ్మ గొంతు పెట్టి తిడుతుంటే ఆయన పడీ పడీ నవ్వాడు. జేబులోంచి పెన్సిలు తీసిచ్చి, విజిటర్ల పుస్తకంలో “గ్రంథాలయము చక్కగా వినియోగింపబడుచున్నది” అని రాసి, కోడికూర తిని వెళ్ళాడు. మేం ముగ్గురం, అంటే పెద్ద మేష్టారు, నేను, ఆ పిల్ల, పెళ్ళి గట్టెక్కించినవాళ్ళలా ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వుకున్నాం.

మరుసటి ఏడు రోజులు మారాయి. మా పార్వతీపురం వైపు కొండల్లో షావుకార్ల మీద గిరిజనుల అలజడి రేగింది. మా లోయలో ఏమీ జరగలేదు గానీ, భయం మాత్రం మా దాకా వచ్చింది. సంతలో కొత్త మొహం కనబడితే మాటలు ఆగిపోయేవి. జీపులు తిరిగేవి. వచ్చెయ్యమని మా నాన్న ఉత్తరం మీద ఉత్తరం. అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక కవరొచ్చింది. బడి గ్రంథాలయాల్లో ఉండదగని పుస్తకాలంటూ ఒక జాబితా, వాటిని విడిగా కట్టి ఉంచితే అధికారి వచ్చి పట్టుకెళతారని కింద రెండు వాక్యాలు. ఎందుకు ఉండదగవో అందులో లేదు.

జాబితాలోవి మా బీరువాలో ఆరు దొరికాయి. నీలం అట్ట నవల వాటిలో ఉంది. పెద్ద మేష్టారికి ఆరుతో తృప్తి కలగలేదు. కోళ్ళ పెంపకం పుస్తకం అట్ట ఎర్రగా ఉందని, అది కూడా మూడు ప్రతులూ కట్టలో వేయించాడు. “ఎందుకొచ్చిన గొడవమ్మా, కోడి లేకపోతే కొంప మునగదు,” అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ పిల్ల చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఆటినెందుకు కట్టేత్తన్నారండి?” అని అడిగింది. పని చూసుకోమన్నాను.

మా ఇద్దరికీ పుస్తకాలు గుర్తొచ్చాయి గానీ రిజిస్టరు గుర్తు రాలేదు. అందులో రాసినదంతా ఉత్తిదని మాకు తెలుసు కదా, దాన్ని ఇంకొకరు నిజమనుకుని చదువుతారని మాకు తట్టలేదు.

ఏడో తరగతి పరీక్షకి ఇంకా అయిదారు వారాలుందనగా, ఒక పొద్దున్న మంచు విడవకముందే జీపు వచ్చింది. దిగిన అధికారి పడుచువాడు, నిరుడు వచ్చినాయన కాదు. ఆయనతో మామూలు బట్టల్లో ఇంకో మనిషి ఉన్నాడు. అతనెవరో ఎవరూ చెప్పలేదు. అధికారి కట్ట విప్పించి, పుస్తకాలు లెక్క చూసుకుని, “ఇష్యూ రిజిస్టరు తెండి,” అన్నాడు.

తెచ్చిచ్చాను. జాబితాలో పేర్లు పట్టుకుని రిజిస్టర్లో వెతుక్కుంటూ పోయాడు. ఒక చోట వేలు ఆగింది. కింద మళ్ళీ ఆగింది. ఇంకా కిందకెళ్ళి ఇంకో రెండుసార్లు ఆగింది.

“ఈ అమ్మాయి ఎవరు? పిలవండి.”

పిల్ల వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడి, నన్ను చూసి కొంచెం నవ్వింది. నిరుడు పాఠం తనకి గుర్తుందని చెప్పే నవ్వు అది. నేను తల అడ్డంగా ఊపుదామనుకున్నాను. ఆ మామూలు బట్టల మనిషి నన్నే చూస్తున్నాడు. ఊపలేదు.

“ఈ పుస్తకం చదివావా?”

“సదివినానండి.”

“ఎన్నిసార్లు?”

“శానా సార్లండి.”

“ఎవరు చదవమన్నారు?”

ఈ ప్రశ్న మేం నేర్పలేదు. పిల్ల, “ఎవురూ అననేదండి. నానే సదివినాను,” అంది. నన్ను కాయడానికి అందో, నిజంగానే అలా చెప్పడం బాగుంటుందనుకుందో నాకు ఈనాటికీ తెలియదు.

“ఏముంది ఇందులో?”

పిల్ల గొంతు సవరించుకుని పులి కథ చెప్పింది. మేక, దూడ, మనిషి. ముసిలమ్మ గొంతు పెట్టి తిట్టింది కూడా. నిరుడు నవ్వు వచ్చిన చోట ఆగి చూసింది. ఎవరూ నవ్వలేదు.

“పులి అంటే ఎవరు?” అన్నాడు అధికారి.

“పులేనండి.”

“మేకను పట్టుకెళ్ళే పులి ఎవరని మీకు చెప్పారు?”

“పులేనండి,” అంది పిల్ల మళ్ళీ, ఈసారి ఏడుపు గొంతుతో. “సారలు సారలుంటాదండి.”

అధికారి పక్కనున్న మనిషి వైపు చూశాడు. అతను చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఇంతసేపూ ఆ నీలం అట్ట నవల అధికారి చేతిలోనే ఉంది. దాన్ని తొడ మీద తట్టుకుంటూ మాట్లాడుతున్నాడు. నాకు దాని అంచులు కనబడుతున్నాయి. ఆ పుస్తకం అంచులు కోయలేదు. ప్రెస్సులో కాగితాలు మడిచి కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళాలంటే చాకు పెట్టి చీల్చుకోవాలి. అచ్చయ్యాక దాన్ని ఏ మనిషీ చదవలేదని, కళ్ళున్న ఎవరికైనా ఒక్కసారి తెరిస్తే తెలిసిపోతుంది. ఆయన తెరవలేదు. “అయ్యా, ఒకసారి ఆ పేజీలు చూడండి” అని నేనంటే చాలు. అంటే, మరి ఈ నాలుగు ఎంట్రీలు ఎవరు రాశారని అడుగుతాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడ్డాను.

అధికారి పిల్లను బయటికి పంపి, ఇలాంటి పిల్ల హాస్టల్లో ఉంటే మిగతావాళ్ళకీ అంటుకుంటుందన్నాడు. తండ్రిని పిలిపించి అప్పజెప్పెయ్యమన్నాడు. కాగితం మీద ఈ సంగతేమీ రాయనక్కర్లేదని, బడికి రావడం మానేసింది కాబట్టి పేరు కొట్టేశామని రాసుకుంటే చాలన్నాడు. పుస్తకాల కట్ట జీపులో వేయించుకుని వెళ్ళిపోయాడు. కోళ్ళ పుస్తకాలు కూడా వెళ్ళాయి.

జీపు చప్పుడు ఆగాక నేను పెద్ద మేష్టారితో, “వెళ్ళి నిజం చెప్పేస్తానండి,” అన్నాను. ఆయన వద్దంటాడని తెలిసే అన్నాను.

“సెప్తే ఏటవుద్దమ్మా?” అన్నాడు ఆయన నా వైపు చూడకుండా. “దొంగ రిజిస్టరని మీ ఉద్యోగం పోద్ది, ఎనకాల నాదీ పోద్ది. అంతా అయినాక గుంటని మల్లీ సేర్చుకుంటారా, సేర్చుకోరు. ఓ పని సెయ్యండి. ఈ నెల మొదులు నుంచి హాజరుల మార్చీయండి.”

ఆ తరగతికి హాజరు వేసేది నేనే. పిల్ల రెండో వరసలో కూర్చుని ఉండగా, తన నంబరు రాగానే “ప్రెజెంటండి” అని చెయ్యెత్తగా, నేను ఆబ్సెంట్ వేశాను. తర్వాత వెనక్కి పోయి, నెల మొదటి నుంచీ ఉన్న హాజర్లన్నీ బ్లేడుతో గీకి ఆబ్సెంట్లు చేశాను. మళ్ళీ రెండు కలాలు వాడాను.

మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో మాకోసం తెచ్చిన చోళ్ళ గింజల మూట. కూతురికి జ్వరమేమో అనుకుని మందు వేర్లు కూడా తెచ్చాడు. “ఏటి తప్పు సేసిందండి?” అని అడిగాడు.

పెద్ద మేష్టారు గోడ వైపు తిరిగి, “సదవకూడని పుస్తకం సదివింది,” అన్నాడు.

ఆ తండ్రి నా వైపు, మేష్టారి వైపు మార్చి మార్చి చూశాడు. “సదవడానికే గదండి, ఇక్కడ ఒగ్గినాను,” అన్నాడు.

కోపం కూడా తెచ్చుకోకుండా చోళ్ళ మూట గట్టు మీద పెట్టి, కూతురి పెట్టె నెత్తినెత్తుకున్నాడు. పిల్ల నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. అదే నన్ను ఈనాటికీ కోస్తుంది. ఏడ్చి, తిట్టి, మీరే రాశారు కదా అని అందరి ముందూ అడిగేసి ఉంటే, నేను అప్పుడే తేలికపడేదాన్ని.

“నాను సరిగ్గా సెప్పనేదాండి, టీచరమ్మా?” అంది. “నిరుడు సెప్పినట్టే సెప్పినాను.”

“బాగా చెప్పావమ్మా,” అన్నాను.

“మరి ఎందుకండి?”

తాళం నా నడుముకే ఉంది. ఆ పిల్ల రోజూ వేలు పెట్టుకుని చదివిన కథల పుస్తకం ఒకటైనా తీసి చేతిలో పెట్టి పంపాలని నిజంగానే అనుకున్నాను. ఇస్తే మళ్ళీ రిజిస్టర్లో రాయాలి కదా అని ఆగిపోయాను. వాళ్ళిద్దరూ పొలాల మధ్య నుంచి నడిచి, గెడ్డ దాటి, కొండెక్కడం మొదలుపెట్టారు. నేను లోపలికెళ్ళి అయిదో తరగతికి ఎక్కాలు చెప్పాను.

ఆ వేసవికే పెళ్ళి చేసేశారని సంతకెళ్ళి వచ్చిన వంటమనిషి చెప్పింది. మరుసటి ఏడు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ మరుసటి ఏడు మైదానానికి బదిలీ చేయించుకున్నాను. అక్కడ కూడా లైబ్రరీ ఇవ్వబోతే, ఆస్తమా ఉంది, పుస్తకాల దుమ్ము పడదని ఇంకో అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఒకసారి విశాఖపట్నంలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య ఆ నీలం అట్ట కనబడింది. నెత్తిన మోపుతో కొండ దిగే ఆడమనిషి. పక్కన మా ఆయన, “ఏమైంది, అలా చెమట పట్టింది?” అని అడిగాడు. ఎండ అన్నాను. వంగి దాన్ని తీసే ధైర్యం లేక ముందుకు నడిచాను.

ఎనభైల నడుమ ఏడో తరగతి పరీక్షల డ్యూటీ మీద మళ్ళీ అరకు వెళ్ళాను. శుక్రవారం సంత. పసుపు కొమ్ములు కొందామని వంగితే, బుట్టల వెనక కూర్చున్నామె, “టీచరమ్మ గదండీ,” అంది.

నేను గుర్తుపట్టలేదు. నలభై ఏళ్ళ మనిషిలా ఉంది. నాకన్నా పదేళ్ళు చిన్న కదా, ముప్పై కూడా దాటి ఉండవు. ముగ్గురు పిల్లలని చెప్పింది. ఒకడు జ్వరమొచ్చి పోయాడంది. పెద్ద గుంటని బడికి పంపిస్తున్నానంది. మంచిచెడ్డలు అడిగింది. పెద్ద మేష్టారు పోయాడని చెబితే, “అయ్యో, మంచోరండి,” అంది.

ఆ మాటతో నా వల్ల కాలేదు. సంత మధ్యలో, బుట్టల పక్కన నేల మీద చతికిలబడి మొత్తం చెప్పేశాను. రిజిస్టరు నేను రాశానని, ఆ రోజు నోరు విప్పలేదని, హాజరు గీకానని. ఏడుస్తూ చెప్పాను. పక్క బుట్టలవాళ్ళు బేరాలాపి చూశారు.

“రిజిస్టరు సంగతి తెలుసండి,” అంది ఆమె నెమ్మదిగా. “గది ఊడ్సీటప్పుడు బల్ల మీదుండీది గదా. నా పేరు నాను సదూకోనేనేటండి?”

“తెలిసీ చెప్పలేదా?”

“మీ ఉద్దోగం పోద్దని, మేష్టారోరు మీతోటి అంటంటే ఇన్నాను. గుమ్మం కాడే ఉన్నాను.” కాసేపు పసుపు కొమ్ములు సర్దింది. “పోనీండి, అయిపోనాది. ఒకటడుగుతాను సెప్పండి. ఆ పుస్తకంల ఏటుంది?”

నేను తలెత్తాను.

“శానా ఏల్లు అనుకున్నానండి, దాన్ల ఏటుండుంటాదని. పసుపు ఉడకేసీటప్పుడు, గెడ్డకాడ కూకున్నప్పుడు. పిల్లలకి ఒక్కో పాలి ఒక్కో కత సెప్పినాను, ఇదే ఆ పుస్తకం కతని. అట్ట మీద ఆడమనిసి కొండ దిగతంటాది గదా, ఎక్కడికెల్తాదండి?”

ఆమె నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేల మీద కూర్చుని, తెలియని మాట దగ్గర తల పైకెత్తిన పిల్ల చూసినట్టే చూసింది. ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్యొచ్చు. కల్పించి రాయడం నాకు కొత్త కాదు. ఈ ఒక్కసారి నోరు రాలేదు.

“నాకు తెలీదమ్మా. నేనూ చదవలేదు,” అన్నాను.

ఆ రోజు జీపు వెళ్ళాక ఏడవనిది, పెట్టె వెనకాల నడిచి వెళుతూ ఏడవనిది, అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“మీరైనా సదివుంటారనుకున్నానండి,” అంది.